హ్యాంగర్ ఊరికే వంగదు

తిరుపతి,
ఆదివారం పొద్దున

చిరంజీవి గౌరికి నాన్న ఆశీర్వాదాలు.

ఇక్కడ అందరం బాగుండాము. మీ అమ్మ తిరుచానూరు పొయ్యొచ్చింది. కుంకుమ పొట్లం కట్టిపెట్టింది, శీను వచ్చేటప్పుడు తెస్తాడు. పెద్దత్త మోకాలు షరా మామూలే. బడులు తెరిచిన హడావుడి అయిపోయింది కాబట్టి అంగట్లో పిల్లకాయల సైకిళ్ళ పని తగ్గింది. రాయడానికి విశేషమంటూ ఏమీ లేదు. నువ్వు "బాగుండా నాన్నా, పని ఎక్కువ" అని రెండు ముక్కలు పెట్టి పంతొమ్మిది రోజులైంది. ఫోనైతే కట్ చేస్తావు, కాగితాన్ని కట్ చెయ్యలేవు కదా అని రాస్తా ఉండా.

మొన్న శీను అంగడికొచ్చి, "మామా, అక్క సైకిలుకు గేర్ హ్యాంగర్ ఒకటి కావాలంట" అనినాడు. ఎందుకురా అంటే, "ఊరికే, స్పేరుకి" అని గోడకేసి చూసినాడు. మంచిదే, స్పేరు ఉండాల్సిందే. అయితే నాకు తెలిసి హ్యాంగర్ ఊరికే వంగదు. ఫ్రేముకు వెనక కుడిపక్క, గేరును మోసే ఆ చిన్న ముక్కను కావాలనే మెత్తని అల్యూమినియంతో చేస్తారు. దెబ్బ తగిలితే అది వంగిపోయి ఫ్రేమును కాపాడాల. సైకిలు కుడిపక్కకు పడితేనే దానికి దెబ్బ. లేదంటే బస్సు డిక్కీలో ఎవరైనా కుడిపక్కకు పండబెట్టి ఉండాల. నువ్వు ఈ మధ్య సైకిలు బస్సులో వేసుకోని యాడికీ పోలేదు.

సరే, ఆ సంగతి అట్ల పెట్టు.

నువ్వు తొక్కిందీ పరిగెత్తిందీ లెక్క రాసే ఆ యాప్, నీ స్ట్రావా చూస్తా ఉండా. చూడొద్దని నువ్వు చెప్పలేదు. మూడు ఆదివారాలుగా నంది కొండ రోడ్డు లేదు. సైకిలంతా ఇంట్లో, కదలకుండా నిలబెట్టి తొక్కే ట్రైనర్ మీదే. అది కూడా సమంగానే ఉంది, చేతుల మీద బరువు పడకపోతే ట్రైనర్ తొక్కొచ్చు. పరుగుంది. ఈత మాత్రం ఒక్క రోజూ లేదు. బెంగళూరులో ఈతకొలనులన్నీ ఒకేసారి మూసేసినారేమో మరి. ఈత, సైకిలు, పరుగు మూడూ ఉండే గోవా ట్రయాథ్లాన్ పోటీకి ఇంగ ఇరవై మూడు రోజులుంది, సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈదాల్సిన మనిషి మూడు వారాలు నీళ్ళలో దిగలేదంటే నాకు రెండే కారణాలు తోస్తాయి. చర్మం చెక్కుకుపోయి పుండన్నా ఉండాల, చెయ్యన్నా పైకి లేవకుండా ఉండాల.

మీ అమ్మకు ఇదంతా చెప్పలేదు. చెప్తే రేపు పొద్దున బస్సో రైలో, ఏది దొరికితే అది ఎక్కేస్తుంది.

నీ రూములో గోడ మీద అంటించుకున్నావే, ఆ ట్రయాథ్లాన్ ఛాంపియన్ క్రిస్సీ వెల్లింగ్టన్ గురించి రాద్దామని కూర్చున్నా అసలు. ఆమె బొమ్మ పెట్టుకున్నదానివి ఆమె కథ మొత్తం పెట్టుకోవాల, నచ్చిన ముక్క ఒకటి కోసుకుంటే చాలదు. 1977లో ఇంగ్లండులో పుట్టింది. భూగోళశాస్త్రం చదివి, ప్రభుత్వ కొలువులో పనిచేసి, 2004లో నేపాలుకు పోయింది. అక్కడ పల్లెల పనుల్లో ఉంటా, ఖాట్మండు చుట్టూ కొండల్లో పొద్దున్నే సైకిలు తొక్కేది. పోటీ కోసం తొక్కలేదు, ఆ గాలికి, ఆ ఎత్తుకు అలవాటు పడింది, అంతే. 2006లో లొసాన్‌లో మామూలు క్రీడాకారుల ప్రపంచ పోటీ గెల్చినాక, 2007 మొదట్లో, ముప్ఫయ్యో ఏట ఉద్యోగం వదిలి బ్రెట్ సట్టన్ అనే కోచ్ దగ్గర చేరింది. ఆ ఏడాది ఆగస్టులో కొరియాలో మొదటి ఐరన్‌మ్యాన్, అక్టోబరులో హవాయిలో కోనా, అంటే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీ. రెండూ గెల్చింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిలు, 42.2 పరుగు. కోనాలో ఆమె ముందుకొచ్చినప్పుడు ఎవరీమె అని జనం వెతుక్కున్నారు. ఇది చదివి నాన్నే ఉద్యోగం మానెయ్యమన్నాడని చెప్పుకోవద్దు.

నేను రాయాలనుకున్నది 2008 సంగతి. అంగట్లో కుర్రోళ్ళకు కూడా ఇదే చెప్తా ఉంటా. ఆ ఏడాది కోనాలో సైకిలు మీద ముందు పోతా ఉంటే టైరు పంచరైంది. నల్లటి లావా రాళ్ళ మధ్య ఎండ రోడ్డు, పక్కన నీడంటూ లేదు. దిగి ట్యూబు మార్చింది, అంతవరకు బాగానే ఉంది. గాలెక్కించే గ్యాసు బుడ్డి దగ్గర తడబడింది. బుడ్డిలో గ్యాసంతా ట్యూబులోకి పోకుండా బయటికే పోయింది. ఉన్న బుడ్డీలు అయిపోయినాయి. ప్రపంచ ఛాంపియన్, ఒకటి తక్కువైన సామానుతో రోడ్డు పక్కన నిలబడిపోయింది. వెనకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే దాటుకోని పోతా ఉంటే చూస్తా ఉండాల్సిందే. బయటివాళ్ళ సాయం తీసుకుంటే పోటీ నుంచి తీసెయ్యొచ్చు. పోటీలో ఉన్నవాళ్ళు ఇస్తే తీసుకోవచ్చు. అప్పుడు రెబెకా కీట్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి, ఆమెకూ పోటీ అయిన మనిషి, పోతా పోతా తన బుడ్డి ఒకటి విసిరింది. దాంతో గాలి కొట్టుకోని మళ్ళీ ఎక్కింది. పది నిమిషాల దాకా పోయింది అక్కడ. అయినా దాటిపోయినవాళ్ళందరినీ దాటుకోని, చివరికి రెండో ఆమెకంటే పావుగంట ముందు వచ్చింది.

ఈ కథ విని అందరూ "ఆహా, కీట్ ఎంత మంచిది" అంటారు. మంచిదే. నాకు మాత్రం ఆ బుడ్డి మీదనే కన్ను. గ్యాసు ఎందుకు బయటికి పోతుంది? నీకు వంద సార్లు చెప్పినా, నూటొకటో సారి కూడా వినాల. మొదట గేరును అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి తెచ్చుకో, అప్పుడు వెనక చక్రం చేతికి సులువుగా ఊడి వస్తుంది. టైరు ఒకపక్క అంచే లేపు, వాల్వుకు ఎదురుపక్క నుంచి మొదలుపెట్టు. పాత ట్యూబు తీసినాక టైరు లోపల వేళ్ళు మెల్లగా చుట్టూ తిప్పు. పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలే వెంట్రుకంత తీగ ఉంటుంది, కంటికి కనపడదు. అది అక్కడే ఉంటే కొత్త ట్యూబు ఇంకో మైలు రాదు. కొత్త ట్యూబులో నోటితో కొంచెం ఊది, గుండ్రంగా నిలబడినాక లోపల పెట్టు. అంచు చేతులతోనే ఎక్కించు, చివర వాల్వు దగ్గర ముగించు. టైరు లేపే లివరు వాడితే ట్యూబును కరుస్తుంది. రెండు పక్కలా నొక్కి చూసుకో. ట్యూబు టైరుకూ రిమ్ముకూ మధ్య ఇరుక్కోని ఉంటే గ్యాసెక్కగానే టపాకాయ మాదిరి పేలుతుంది.

ఇంగ బుడ్డి. ప్రెస్టా వాల్వు కొసన ఉండే చిన్న నట్టు విప్పు, వేలితో ఒక్కసారి నొక్కి "టుస్" అనిపించు. చాలామంది ఆ నట్టు విప్పడమే మర్చిపోతారు. తర్వాత బుడ్డిని బిగించే తలను వాల్వు మీద నిటారుగా, గట్టిగా కూర్చోబెట్టినాకే బుడ్డి తిప్పు. కొంచెం వాలుగా ఉన్నా రెండు సెకండ్లలో అంతా గాలికి పోతుంది, మళ్ళీ రాదు. 25 మిల్లీమీటర్ల టైరుకు 16 గ్రాముల బుడ్డి ఒకటి చాలు. బుడ్డి మంచుగడ్డ మాదిరి అయిపోతుంది, చేతికి గ్లవుజో గుడ్డో ఉండాల. ఆ గ్యాసు మామూలు గాలికన్నా తొందరగా రబ్బరు గుండా కారిపోతుంది, ఇంటికి రాగానే వదిలేసి పంపుతో కొట్టుకో. సీటు కింద రెండు ట్యూబులు, మూడు బుడ్డీలు, రెండు లివర్లు. వీటితోపాటు చిన్న చేతి పంపు. బరువని తీసెయ్యొద్దు. ఇంట్లో కనీసం రెండు బుడ్డీలు వాడి చూడు, డబ్బు నేనిస్తా. మొదటిసారి రోడ్డు మీద నేర్చుకునే పని కాదది.

గ్యాసు గురించి ఇంత రాసినా, నేనడిగేది గ్యాసు గురించి కాదని నీకు తెలుసు.

నువ్వు ఎప్పుడూ చెప్పేది 2011 పోటీ. అదీ నాకు తెలుసు. పోటీకి రెండు వారాల ముందు సైకిలు మీంచి పడి, ఒళ్ళంతా చెక్కుకుపోయి, గాయం చీము పట్టి, అయినా కోనాలో నిలబడి 8 గంటల 55 నిమిషాల 8 సెకండ్లలో గెల్చింది. రెండో స్థానంలో వచ్చిన మిరిండా కార్‌ఫ్రే మూడు నిమిషాల్లోపు దూరంలో ఉంది. నీ గోడ మీద బొమ్మ కూడా ఆ రోజుదే. ఇప్పుడు శీనుతో ఏమి చెప్పినావో నేను ఊహించుకోగలను: "క్రిస్సీ కూడా పడింది కదరా, గెల్చింది కదరా."

మరి 2010? అంతకు ముందేడు, 2009లో, 8 గంటల 54 నిమిషాల 2 సెకండ్లతో పదిహేడేళ్ళ కోనా రికార్డు కొట్టిన మనిషి, 2010లో ఒళ్ళు బాగలేదని పోటీ పొద్దున్నే తప్పుకుంది. నీళ్ళలో అడుగు పెట్టలేదు. ఆ ఏడు కార్‌ఫ్రే గెల్చింది. పదమూడు పూర్తి ఐరన్‌మ్యాన్ దూరం పోటీల్లో పదమూడూ గెల్చినదని ఆమెను పొగుడుతావే, ఆ లెక్కలో పద్నాలుగోది లేకపోవడానికి ఆ పొద్దున కూడా ఒక కారణం. మరుసటేడు జులైలో జర్మనీలోని రోత్ అనే ఊర్లో 8 గంటల 18 నిమిషాల 13 సెకండ్లు చేసింది, 2023లో డానియేలా రిఫ్ వచ్చేదాకా అది నిలబడింది. ఒక పోటీ వదిలినందుకు ఆమెకేమి తక్కువైంది చెప్పు? ఇంకోటి, 2011లో ఆమె చుట్టూ డాక్టర్లున్నారు. నీ చుట్టూ శీను ఉండాడు.

సరే, పడలేదనే అనుకుందాం. పడినవాళ్ళకు చెప్పేది ఏమంటే: చెక్కుకుపోయిన చోట సబ్బునీళ్ళతో కడగాల, ఇసుక రేణువులు అన్నీ పోవాల. ఉండిపోతే చర్మం కింద నల్లమచ్చలై జీవితాంతం ఉంటాయి. పెద్దత్త చెప్పినట్టు పసుపు, కొబ్బరినూనె పెట్టి ఎండనివ్వొద్దు. వ్యాసలీన్ పూసి, అంటుకోని రకం కట్టు కట్టి రోజూ మార్చు, తడిగా ఉన్న గాయమే తొందరగా మానుతుంది. టెటనస్ సూది వేసుకోని ఐదేళ్ళు దాటి ఉంటే, మట్టి గాయానికి మళ్ళీ వేసుకోవాల. గాయం చుట్టూ ఎరుపు పాకుతా ఉంటే, వేడిగా ఉంటే, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు. పుండు పూర్తిగా మూసుకునేదాకా ఈతకొలను వద్దు, సముద్రం అసలే వద్దు.

చెయ్యి ఆన్చి పడితే రెండు చోట్ల చూసుకోవాల. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతే, అరచెయ్యి పైకీ కిందికీ తిప్పినప్పుడు నొప్పి వస్తే ఎక్స్‌రే తీయించాల. బొటనవేలు మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట ఉంటుంది, అక్కడ నొక్కితే నొప్పి ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ ఎముక పగులు మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు, పది పద్నాలుగు రోజులకు మళ్ళీ తీస్తే కనపడుతుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అని ఊరుకోవడం తప్పు.

హెల్మెట్టు నేలకు తగిలి ఉంటే, పైన గీత కూడా లేకపోయినా పారెయ్. లోపలి నురుగు ఒక్క దెబ్బకు నలిగిపోతుంది, రెండో దెబ్బకు అది పని చెయ్యదు. కార్బన్ ఫోర్కు, హ్యాండిలు వెలుతురులో చూడు, నూలు గుడ్డతో మెల్లగా తుడువు, యాడన్నా పోగు చిక్కుకుంటే అక్కడ చీలిక ఉంది. నాణెంతో తట్టి చూడు, ఒకచోట మాత్రం మొద్దు శబ్దమొస్తే తొక్కొద్దు.

తిండి సంగతి మీ అమ్మ రాయమంది. నిరుడు దీపావళి ఫొటోలో నీ దవడలు చూసి అప్పటి నుంచి అంటా ఉంది. వెల్లింగ్టన్‌కు కూడా చిన్న వయసులో తిండితో పెద్ద గొడవ నడిచింది, ఆమె తన ఆత్మకథలో దాచకుండా రాసింది. బలం తిండిలోనే ఉందని తర్వాత తెలుసుకుంది. గాయం మానాలంటే ఇంకా ఎక్కువ తినాల, తొక్కడం తగ్గింది కదా అని అన్నం తగ్గించొద్దు. శీను చేత రాగి పిండి రెండు కేజీలు, చెనక్కాయలు, ఊరిబిండి సీసా పంపిస్తా. సీసా మూత గట్టిగానే పెట్టింది, అయినా నిటారుగా పెట్టమను.

హ్యాంగర్ పంపలేదు. ఉంచుకోవాలని కాదు. ఫ్రేము ఫ్రేముకూ అది మారుతుంది, కొన్ని వందల రకాలుంటాయి, బోల్టు రంధ్రం ఒక మిల్లీమీటరు అటూఇటూ అయినా కూర్చోదు. వంగినదాన్ని ఊడదీసి, తెల్లకాగితం మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, రెండు పక్కలా ఫొటో తీసి పంపు. అంతదాకా అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం గేరు వెయ్యొద్దు, వంగిన హ్యాంగర్ ఉంటే గేరు పోయి ఊచల్లో ఇరుక్కుంటుంది.

ఫొటో తీసేటప్పుడు కాగితం కుడిచేత్తో పట్టుకో. మోచెయ్యి కూడా పడేటట్టు తియ్.

ఇట్లు
నాన్న

తా.క. ఇది మడిచేలోపల మీ అమ్మ వెనక నిలబడి మొత్తం చదివేసింది. సోమవారం రాత్రి బస్సుకు టికెట్టు చూడమంటా ఉంది. ఉత్తరం నీ చేతికి వచ్చేలోపల ఆమే వచ్చేటట్టుంది, ఇంట్లో పాలు ఉంచు.