మాజాంగ్ బల్ల దగ్గరే ఉంది కథంతా

సంపాదక మహాశయా,

ఆంగ్ లీ 2007లో తీసిన ‘లస్ట్, కాషన్’ మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం పడకగది దృశ్యాల దగ్గరే ఆగిపోయింది. నల్లగొండ, మిర్యాలగూడ కుర్రకారు ఆ సినిమాను వాటి కోసమే వెతుక్కుంటే తప్పు వారిది కాదు, దాని గురించి రాస్తున్న తీరుది. అది పెద్దలకు మాత్రమే అన్నది నిజమే. కానీ అది జపాన్ ఆక్రమించిన షాంఘైలో, జపాన్‌కు కొమ్ముకాసే చైనా అధికారి యీని వలలో వేసి చంపించడానికి వచ్చిన గూఢచారిణి కథ. ఆ కథ నడిచేది నలుగురు కూర్చుని ఆడే చైనా ఆట మాజాంగ్ బల్ల చుట్టూ. ఆ బల్ల అర్థం కావాలంటే చైనా తెలియనక్కర్లేదు, రమ్మీ వస్తే చాలు.

మాజాంగ్‌లోనూ చేతిలో 13 ముక్కలే. ఒకటి తీయాలి, ఒకటి పడేయాలి. మూడేసి చొప్పున నాలుగు సెట్లు, ఒక జత కుదిరితే షో. పేకముక్కలకు బదులు బిళ్లలుంటాయి: 34 రకాలు, రకానికి నాలుగు, మొత్తం 136. పూల బిళ్లలు 8 కలిపితే 144. అసలు తేడా పడేసిన ముక్క దగ్గర ఉంది. రమ్మీలో అది పక్కవాడికే అందుతుంది. మాజాంగ్‌లో సీక్వెన్స్ కోసమైతే ఎడమ పక్కవారు పడేసిందే తీసుకోవాలి. మూడూ ఒకటే అయ్యే బిళ్లనైతే ఎవరు పడేసినా, వంతు రాకున్నా లాక్కోవచ్చు. అందుకే ప్రతి ఒక్కరి కళ్లూ మిగతా ముగ్గురి చేతుల మీదే ఉంటాయి. మొదటి సన్నివేశంలో నలుగురు ఆడవాళ్లు ఆడుతుంటే కెమెరా వేళ్ల మీదికి, ఉంగరాల మీదికి, ఓరచూపుల మీదికి ఉరకడం ఇందుకే. గూఢచారిణికి కావలసిన సమాచారం ఆ పిచ్చాపాటీలోనే దొరుకుతుంది.

ఇక ఊరి సంగతి. జపాన్ సైన్యం 1937 నవంబరులోనే షాంఘైలోని చైనా పేటలను ఆక్రమించినా, విదేశీయుల ఏలుబడిలోని ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్‌ను 1941 డిసెంబరు 8 దాకా పూర్తిగా ఆక్రమించలేదు. సినిమా మొదలయ్యే షాంఘై ఆ తరువాతది, 1942 నాటిది. యీ అనే అధికారి కొలువు వాంగ్ జింగ్‌వే ప్రభుత్వంలో. జపాన్ అండతో 1940 మార్చిలో నాన్‌జింగ్‌లో నిలబెట్టిన ప్రభుత్వమది. అంటే చంపాల్సినవాడు పరాయివాడు కాదు, సొంత గడ్డవాడే. రజాకార్ల రోజుల్లో ఏ దొర ఎటు నిలిచాడో తాతల నోట విన్న జిల్లాకు ఈ చిక్కు విడమర్చి చెప్పాలా? జంగ్ పింగ్‌రూ అనే యువతి 1939 డిసెంబరులో ఇలాంటి అధికారి డింగ్ మోసున్‌ను బొచ్చు కోట్ల దుకాణానికి రప్పించి చంపించాలని చూడటం చరిత్రలో జరిగినదే. అతను తప్పించుకున్నాడు, ఆమెను 1940లో కాల్చి చంపారు. సినిమాలో అది నగల దుకాణం, దాని భారతీయ యజమానిగా కనిపించేది మన అనుపమ్ ఖేర్.

తెలుగు సబ్‌టైటిళ్లు తయారుచేసి చూపించాలనుకునే వారికి కొన్ని మాటలు. సినిమా నిడివి దాదాపు 157 నిమిషాలు. సెకనుకు 25 ఫ్రేముల ప్రతికి రాసిన సబ్‌టైటిల్ ఫైలును 24 ఫ్రేముల ప్రతికి తగిలిస్తే గంట తిరిగేసరికి రెండు నిమిషాలకు పైగా తేడా వస్తుంది, నటులు నోరు తెరవకముందే మాట తెర మీదికి వచ్చేస్తుంది. మొత్తం ఫైలును ముందుకో వెనక్కో జరిపితే ఇది తీరదు, ఫ్రేముల లెక్కనే మార్చాలి. మొదట సరిగ్గానే నడిచి ఒకచోట నుంచి ఒక్కసారిగా తప్పితే మాత్రం మీ దగ్గరున్నది కోత పడిన ప్రతి కావచ్చు. ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో దాచకపోతే తెలుగు అక్షరాల చోట పెట్టెలు, ప్రశ్న గుర్తులు కనిపించవచ్చు.

జపాన్ వాళ్ల విందు గదిలో గూఢచారిణి యీకి పాడి వినిపించే పాటను అనువదించకుండా వదిలేయొద్దు. ప్రియురాలు దారమైతే ప్రియుడు సూది అన్న పోలిక తెలియకపోతే యీ కళ్లెందుకు చెమర్చాయో ప్రేక్షకుడికి అంతుపట్టదు. సినిమాకు చైనా భాషలో ఉన్న పేరులోని రెండో అక్షరం ‘జియే’కు నిగ్రహం, హెచ్చరిక అనే అర్థాలున్నాయి. ఉంగరాన్ని చెప్పే ‘జియేజి’లోనూ అదే అక్షరం. ప్రదర్శనకు ముందు ఈ ఒక్క ముక్క చెప్పినా నగల దుకాణం ఘట్టం బరువు తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టం ఆ దుకాణంలో గూఢచారిణి యీతో అనే రెండే మాటలు: ‘క్వాయ్ జౌ’, అంటే తొందరగా వెళ్లమని. చైనా భాషలో క్రియకు నువ్వు, మీరు తేడా అంటదు. తెలుగులో ఏదో ఒకటి తేల్చక తప్పదు. మొదటి నుంచీ ‘మీరు’ అనే రాసుకొచ్చి, ఉంగరం వేలికెక్కాక ఆ ఒక్కచోట ‘వెళ్లిపో, తొందరగా’ అని ఏకవచనంలోకి దిగాలని మా అభిప్రాయం. ‘వెళ్లిపోండి’ అంటే చుట్టాన్ని సాగనంపినట్టుంటుంది.

– కొందరు సినిమా మిత్రులు, నల్లగొండ