ముంపు గ్రామాల కొండరెడ్ల గురించి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారాలు. గోదావరి ముంపు గ్రామాల నుంచి తరలించిన కొండరెడ్లనే ఆదివాసుల గురించి నేను సమర్పించిన రెండు వినతిపత్రాలకు సమాధానం రానందున, ఈ లేఖను పదిమంది ఎదుట ఉంచుతున్నాను.

కాలనీలో సిమెంటు ఇళ్లు కట్టించారు, కాదనను. కానీ కరువు నెలల్లో వాళ్ల కడుపు నింపే జీలుగు కల్లుకు, పోడుకు, వెదురుకు, కొండదేవతల తావులకు పరిహారపు లెక్కల్లో చోటు దక్కలేదు. "ఇల్లిచ్చారు బాబూ, పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలి?" అని ఒక పెద్దాయన నన్నడిగారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. వాళ్లతో కలిసి బతికి ఆయన చేసిన సిఫారసులు ఎన్నో కుటుంబాలకు పట్టాలు దక్కడానికి తోడ్పడ్డాయి. తుపాకులు పేలాక గాని ఆ ఆలోచన రాలేదన్నది వేరే సంగతి.

భూమి తీసుకుంటే జనం బతుకులపై పడే ప్రభావాన్ని తేల్చే సామాజిక ప్రభావ అంచనాను స్థానిక భాషలో ప్రజల ముందుంచాలని 2013 భూసేకరణ చట్టమే చెబుతోంది. కాబట్టి మిగిలిన ఊళ్లను కదిలించే ముందు, కనీసం ఆరు నెలలు అక్కడే ఉండే మానవశాస్త్రజ్ఞుణ్ణి నియమించాలనీ, ఆ పరిశోధకుడి నివేదికను గ్రామసభలో చదివి వినిపించి, సభ తీర్మానం చేసేవరకు తరలింపు నిలిపివేయాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మానవశాస్త్ర పరిశోధకుడు