పదో తేదీ రాత్రులు

సంపాదకులకు నమస్కారం.

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నప్పటి నుంచి సాగుతున్న చర్చలో గంటల లెక్కే తప్ప, ఆ గంటలు ఎలా గడుస్తున్నాయన్న ప్రస్తావన అంతగా కనబడదు. గుంటూరు బ్రాడీపేటలో పన్ను లెక్కలు చూసే చిన్న కార్యాలయం నడుపుతున్నవాడిగా, నా దగ్గర పనిచేసే నలుగురు పిల్లల విషయంలో జరిగిన పొరపాటు చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

వ్యాపారులు తమ అమ్మకాల బిల్లుల వివరాలు ప్రభుత్వానికి తెలిపే జీఎస్టీఆర్-1 రిటర్నుకు నెలనెలా 11వ తేదీ గడువు. మా ఖాతాదారుల్లో ఎక్కువమంది మిర్చి వ్యాపారులు కావడంతో, సీజన్లో యార్డు పని ముగించుకుని బిల్లుల కట్టలను తొమ్మిదిన సాయంత్రమో పదిన మధ్యాహ్నమో పంపేవారు. అంతవరకు ఎదురుచూస్తూ కూర్చున్న పిల్లలు ఇక అర్ధరాత్రి దాకా ఎంట్రీలు కొట్టేవారు. మొన్న మార్చిలో అలాగే, రాత్రి పదకొండున్నరకు, వాళ్లలో ఒక అమ్మాయి ఒకే పేరున్న ఇద్దరు కొనుగోలుదారుల్లో ఒకరి బిల్లును మరొకరి జీఎస్టీ నంబరు మీద వేసింది. దాన్ని సవరించడానికి మరుసటి నెల రిటర్ను దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకుపై చెల్లించిన పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) కనబడక ఆ కొనుగోలుదారు మా వ్యాపారికి, ఆయన నాకు చేసిన ఫోన్లకు లెక్కలేదు. నేను ఆ అమ్మాయినే మందలించాను. అప్పటికి ఆమె కుర్చీలో కూర్చుని 14 గంటలైంది. సాయంత్రం వాళ్ల నాన్న తెచ్చిచ్చిన క్యారేజీ మూత తీయలేదని, మర్నాడు ఊడ్చే ఆమె పాచిపోయిన పప్పన్నం చూపిస్తేగానీ నాకు తెలియలేదు.

వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. ఆరోగ్యం మాట అటుంచి, పని కూడా చెడుతుందనడానికి నాకు ఆ ఒక్క బిల్లు చాలు.

ఏప్రిల్ నుంచి, ఐదో తేదీ లోపు బిల్లులు ఇవ్వనివారి పని పగటి వేళ వీలైనప్పుడే చేస్తామని, ఆలస్య రుసుము పడితే వారే భరించాలని చెప్పేశాం. ఇద్దరు అలిగి వెళ్లిపోయారు; మిగిలినవారు, కాస్త గొణుక్కుంటూనే, అలవాటుపడ్డారు.

2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ప్రైవేటు సంస్థల్లో రోజువారీ పనివేళల పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. తొమ్మిదైనా పదైనా అవి కాగితం మీది గంటలే. మా హాజరు పట్టీలో ఆ మార్చి రాత్రి కూడా సాయంత్రం ఆరున్నరకే సంతకం ఉంది. తనిఖీలకు వచ్చే కార్మిక శాఖ అధికారులు పట్టీతో సరిపెట్టుకోకుండా, కంప్యూటర్లో చివరి ఎంట్రీ పడిన వేళ కూడా అడిగి చూడాలని, ఆ తనిఖీ మా కార్యాలయంతోనే మొదలైనా అభ్యంతరం లేదని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు