మెయింటెనెన్స్ మోడ్ కూడా నేర్పించండి

ఎడిటర్ గారికి,

'సర్వర్ డౌన్' అనగానే జనం ఉసూరుమంటూ వెనక్కి వెళ్లిపోతారు, లోపల ఏం జరుగుతుందో వాళ్లకు ఎవరూ చెప్పరు. పోయిన నెల మా ఆఫీసులో పాత డిస్క్ ఒకటి తీసేశారు గానీ ఎఫ్‌స్టాబ్ ఫైల్లో (బూట్ అయ్యేటప్పుడు, అంటే మిషన్ మొదలయ్యేటప్పుడు, ఏ డిస్కులు తెరవాలో రాసి ఉండే జాబితా) దాని లైను అలాగే ఉండిపోయింది. రీబూట్ చేస్తే సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ ఆ డిస్క్ కోసం 90 సెకన్లు చూసి, దొరక్కపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌లో (రిపేరు కోసం ఆగే స్థితి, మెయింటెనెన్స్ మోడ్ అన్నది దీన్నే) ఆగి రూట్ పాస్‌వర్డ్, అంటే అన్ని అధికారాలూ ఉండే ఖాతా పాస్‌వర్డ్, అడిగింది. అది ఎవరికీ తెలియదు! ఈ స్థితిలో నెట్‌వర్క్ కూడా పైకి రాదు కాబట్టి ఇంట్లో కూర్చుని లాగిన్ అవడం కుదరలేదు, మిషన్ దగ్గరికే పోవాల్సి వచ్చింది. చివరికి మిషన్ ఆన్ కాగానే లైనక్స్ కంటే ముందు వచ్చే గ్రబ్ మెనూలో బూట్ లైను మార్చి, పాస్‌వర్డ్ లేకుండా నేరుగా బాష్ షెల్‌లోకి (కమాండ్లు టైప్ చేసే చోటు) వెళ్లాం. అక్కడ రూట్ ఫైల్ సిస్టమ్ (సిస్టమ్ ఫైళ్లు ఉండే ప్రధాన భాగం) చదవడానికే తెరుచుకుంది, రాయడానికి వీలయ్యేలా మళ్లీ మౌంట్ చేస్తే, అంటే తెరిస్తే గానీ ఫైల్ సేవ్ కాదు, కొత్తవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే. తప్పు లైను తీసేయడానికి రెండు నిమిషాలు పట్టింది, అక్కడిదాకా చేరడానికి సగం రోజు పోయింది.

కోచింగ్ సెంటర్లు కమాండ్లు బట్టీ పట్టిస్తున్నాయి, బూట్ కాని మిషన్‌ను మాత్రం పిల్లల ముందు పెట్టడం లేదు. మౌంట్ అయి ఉన్న డిస్క్‌ మీద ఎఫ్ఎస్‌సీకే (డిస్క్‌లోని తప్పులు వెతికి సరిచేసే కమాండ్) రిపేరు నడిపితే డేటా పాడవుతుందని కూడా చాలామందికి తెలియదు, ఇది నిజంగా భయపడాల్సిన విషయం. ఆఫీసులు రూట్ పాస్‌వర్డును సీలు కవరులో బీరువాలో పెట్టాలి. అదనపు డిస్కులకు ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ అని రాసుకుంటే, అవి లేకపోయినా బూట్ ఆగదు.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్