కలరా టీకాకు చేపల వేట నిషేధ కాలమే అనువు

సంపాదకులకు,

అయ్యా,

తొలకరి పడ్డాక వాంతులు, విరేచనాల కేసులు బయటపడటం, ఆ తర్వాత వీధుల్లో క్లోరిన్ బిళ్లలు పంచటం మనకు అలవాటైపోయిన తంతు. కలరాకు నోటి ద్వారా ఇచ్చే టీకా ఉన్నదని, అది హైదరాబాద్‌లోనే తయారవుతున్నదని తెలిసినవారు తక్కువ. శాంతా బయోటెక్నిక్స్ వారి శాంకాల్‌కు 2009లోనే దేశంలో అనుమతి లభించింది. దాని తయారీ నిలిచిపోయాక భారత్ బయోటెక్ 2024 ఆగస్టులో హిల్‌కాల్‌ను విడుదల చేసింది. కోల్‌కతా మురికివాడల్లో జరిపిన పరీక్షలో శాంకాల్ రెండు మోతాదులు అయిదేళ్లపాటు సుమారు 65 శాతం రక్షణ ఇచ్చాయని, అయిదేళ్లలోపు పిల్లల్లో మాత్రం ఆ రక్షణ తక్కువేనని తేలింది.

విశాఖలో ఈ టీకా వేయదలిస్తే నగరమంతటికీ వేయనక్కరలేదు. 2022లో ఢాకాలో మీర్పూర్, జాత్రాబారి వంటి అయిదు ప్రాంతాలనే ఎంచుకుని 23 లక్షల మందికి పైగా వేశారు. మన దగ్గరైతే గెడ్డల (వాగుల) వెంబడి ఉన్న వాడలు, కుళాయి పైపు మురుగుకాలువలోంచే సాగే ఇరుకు సందులు, జాలరిపేటలు ముందు వరుసలో ఉండాలి. (ఆ పైపులు మార్చే పని టీకా వేశామని వాయిదా పడకూడదు, అది వేరే చెప్పాలా!)

అయితే ఎక్కడ అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే నాకు ముఖ్యంగా తోస్తున్నది. నగరాల్లో ఇటువంటి టీకాలకు ఎక్కువగా అందకుండా పోయేది పనికి పోయే వయసు మగవారే. మరబోటు ఎక్కినవాడు వారం పది రోజులు సముద్రం మీదే ఉంటాడు. అడ్డా కూలీ తెల్లవారగానే ఇల్లు వదులుతాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం అమలులో ఉంటుంది. సంప్రదాయ తెప్పలకు అది వర్తించకపోయినా, మరబోట్ల పనివారు ఆ 61 రోజులు వలలు బాగుచేసుకుంటూ, బోట్లకు రంగులు వేసుకుంటూ హార్బర్‌లోనే కనబడతారు. రెండు మోతాదుల మధ్య కనీసం రెండు వారాల ఎడం చాలు కనుక, రెండు విడతలూ వానలకు ముందే ముగించుకునే వీలున్నది. కేంద్రాన్ని జెట్టీ దగ్గరే పెట్టాలి. కూలీల వాడల్లో ఉదయం ఆరింటికే తెరవాలి.

ఇంకొక చిక్కున్నది. పల్స్ పోలియోకు అలవాటుపడిన మన ఇళ్లల్లో చుక్కలనగానే పిల్లను చంకనేసుకుని వచ్చే తల్లి తాను మాత్రం నోరు తెరవదు, గడపలో కూర్చున్న మగడు లేచి రాడు. ఏడాది దాటిన ప్రతి ఒక్కరూ తాగవలసిన మందు ఇదని ఆశా కార్యకర్తలు, వార్డు సచివాలయాల సిబ్బంది ముందు వారంలోనే ఇంటింటికీ చెప్పాలి. నిషేధ కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్లకు వెళ్లే బోటు పనివారికి మొదటి మోతాదు తేదీ వేసిన కార్డు ఇచ్చి, రెండవది అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయించుకునే ఏర్పాటును ఆ జిల్లాల అధికారులతో ముందుగానే మాట్లాడి పెట్టాలి.

— ఒక పాఠకుడు,
కంచరపాలెం, విశాఖపట్నం