బాబాయ్ చేసిన ఘనకార్యం

ఒరేయ్ మూర్తీ,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. మార్చి నెలాఖరుకి బ్యాంకులో మా బతుకు ఎలా ఉంటుందో నీకు తెలుసు, అది అయ్యేసరికి పిల్లదాని పరీక్షలు, మధ్యలో సుజాతకి వైరల్ జ్వరం, ఇప్పుడు అందరం బాగానే ఉన్నాం. వార్తలు సమాప్తం. ఇక అసలు సంగతి, ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మీ బాబాయ్, అదే మా నాన్న, పత్రికాఫీసుకి ఫోన్ చేశాడురా!

ఉండు, వరసగా చెప్తాను. ఒక వారపత్రిక వాళ్ల ఉగాది కథల పోటీకి పంపానని చెప్పాను కదా, పాత రేడియో బాగుచేయించుకోవడానికి బజారంతా తిరిగే ముసలాయన కథ, నువ్వు చదివావే, అదే. ఉగాది వచ్చింది, వెళ్లింది. ఫలితాలు వేస్తామన్న సంచికలో ఓ మూల చిన్న డబ్బా కట్టి, కథలు చాలా ఎక్కువ వచ్చాయి కాబట్టి ఫలితాలు త్వరలో అని వేశారు. అంతే, ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు.

హామీపత్రం సంగతి నీకు తెలియందేముంది. కథ నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని సంతకం పెట్టి మరీ పంపాం. కాబట్టి ఇంకో చోటికి పంపడానికి లేదు. ఫోన్లు చేయకూడదని నియమం, కాబట్టి ఏమైందని అడగడానికీ లేదు. పగలంతా నేను ధైర్యంగానే ఉంటాను, నిజం. కౌంటర్లో జనం ఉంటే కథ గుర్తే రాదు. రాత్రి అందరూ పడుకున్నాకే రోగం. వాళ్ల మెయిల్ దారి తప్పి స్పామ్‌లో పడిందేమోనని అది తెరుస్తాను, అక్కడ చూస్తే నాకు ఏదో ఒక విదేశీ లాటరీ తగిలే ఉంటుంది.

ఈ అవస్థంతా నాన్న చూస్తున్నాడని నాకు తెలీదు. మొన్న శనివారం నేను బ్యాంకుకి వెళ్లగానే పత్రిక తిరగేసి, అందులో నంబరు పట్టుకుని, సుజాత వంటింట్లో ఉన్నప్పుడు ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది. ఈయన గొంతు సవరించుకుని "పోస్టల్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నానమ్మా" అన్నాడట! రిటైరై ఎన్నేళ్లయిందో ఆయనకి అనవసరం. పత్రికలకి పోస్టులో రాయితీ రేటు ఉంటుంది కదా, దానికేదో గొడవ వచ్చిందనుకుని పాపం ఆ అమ్మాయి హడలిపోయింది. "చెప్పండి సార్, చెప్పండి సార్" అంటోందట. ఈయనేమో తీరిగ్గా, జనవరిలో మావాడు పంపిన కవరు మీకు ముట్టిందా లేదా అని మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి రిజిస్టరు తీసి వెతికింది. లేదు. ఈయనకి కోపం వచ్చింది. "స్పీడ్ పోస్టు పోవడం ఏమిటమ్మా, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారో చూడు" అని దబాయించాడు.

అసలు కవరే లేదు కదరా! కథ వెళ్లింది మెయిల్లో.

చివరికి ఆ అమ్మాయికి వెలిగి, "ఈసారి కథలన్నీ మెయిల్లోనే తీసుకున్నామండీ, కథ పేరు చెప్పండి" అంది. నాన్నకి పేరు గుర్తు లేదు. అక్కడితో పెట్టేస్తే మా నాన్న ఎందుకవుతాడు? కథ మొత్తం చెప్పాడు. చివర మాత్రం తన సొంతం. "ఆ ముసలాయన రేడియో షాపులోనే కూర్చుని ప్రాణం వదిలేస్తాడమ్మా" అన్నాడట. నా కథలో ఆయన చావడు, నీకు తెలుసు, రేడియో పట్టుకుని బస్సెక్కుతాడు. దానికి ఆ అమ్మాయి, "చివర్లో పెద్దాయన పోయే కథలు చాలా వచ్చాయండీ" అందట. ఇంకా వడపోత జరుగుతోంది, ఏం చెప్పకూడదండీ అని మర్యాదగా పెట్టేసింది.

సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే సంబరంగా ఈ కబురు. నేను ఎంత గట్టిగా అరిచానంటే పక్క ఫ్లాటావిడ బయటికొచ్చింది. ఇప్పుడు వాళ్ల దగ్గర నా పేరు ఎలా ఉంటుంది చెప్పు? పోస్టల్ వాళ్లతో బెదిరించిన రచయిత!

కానీ రాత్రి భోజనాల దగ్గర ఆయన చెప్పిన మాటలు విని నాకు కోపం నిలవలేదు. తెనాలిలో పోస్ట్‌మన్‌గా బీటు చేసే రోజుల్లో ఊళ్లో ఎవరెవరు కథలు రాస్తారో ఆయనకే ముందు తెలిసేదట. తిరుగు టపాకి స్టాంపులంటించి, సొంత చిరునామా రాసిన కవరు జతచేసి పంపేవాళ్లు కదా అప్పట్లో. ఆ కవరు లావుగా, వాళ్ల చేతిరాతతోనే వాళ్లకి వచ్చిందంటే కథ తిరిగొచ్చినట్టే. పల్చగా కార్డు వస్తే వేసుకుంటున్నట్టు. వేసుకున్నాక మనియార్డరు, దాని కింద ముక్కలో పారితోషికం అని రెండు మాటలు. లావు కవర్లు ఇంట్లోవాళ్ల ముందు ఇచ్చేవాడు కాదట, వీధి చివర టీకొట్టు దగ్గర పట్టుకుని ఇచ్చేవాడట. "పుచ్చుకుని మొహం చిన్నబుచ్చుకునేవాళ్లు, మళ్లీ ఆ వారంలోనే కౌంటర్ దగ్గర స్టాంపులకి నిలబడేవాళ్లు" అన్నాడు. వాళ్లల్లో పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, అది నాకేం తెలుసురా, నేను కవర్లు ఇచ్చేవాణ్ణి అన్నాడు.

ఇంకో మాట. "తిరిగి రాలేదంటే ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నట్టు" అట. మెయిలు తిరిగి రాదు నాన్నా, వద్దనుకున్నా చెప్పరు అంటే నమ్మడే! చెప్పకపోతే ఎలా, పద్ధతి ఉండాలి కదా అంటాడు. నిజమే, పద్ధతి ఉండాలి.

నాకు బహుమతి మీద ఆశ లేదనను, అబద్ధం ఎందుకు. సాధారణ ప్రచురణకి తీసుకున్నా చాలు. తెలుగు కథకి 1952లోనే న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల పోటీలో రెండో బహుమతి వచ్చింది, పాలగుమ్మి పద్మరాజు గారికి. ఆ కబురు సముద్రాలు దాటి వచ్చేదాకా ఆయన రోజులెలా గడిపాడో అని ఈ మధ్య తెగ ఆలోచిస్తున్నాను. నాదేమో హైదరాబాద్ నుంచి హైదరాబాద్‌కే. పైగా మన చిన్నప్పటి గుమ్మాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, భారతి పత్రిక 1991లో ఆగింది, విపుల, చతుర 2021లో. అచ్చయితే మాత్రం ఒక కాపీ శ్రీకాకుళం పంపుతాను, కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావు గారు, తెలుగు కథలన్నీ దాచడానికి 1997లో పెట్టిన కథానిలయానికి. ఆ బీరువాల్లో ఎక్కడో ఒక మూల మనదీ... సరే, ముందు అచ్చు కానీ.

ఈలోగా ఇంకోటి మొదలుపెట్టాను. పోస్ట్‌మన్ కథ. లావు కవరు, టీకొట్టు, అన్నీ ఉన్నాయి. నాలుగు పేజీలయింది, ఇది రాస్తున్నప్పుడు స్పామ్ గుర్తే రావట్లేదు. నాన్నకి చెప్పలేదు, చెప్తే చివర్లో పోస్ట్‌మన్‌ని చంపమంటాడు. నీకు పంపుతాను, చదివి చెప్పు.

నీ వీసా సంగతి ఏమైంది? అత్తయ్య కంటి ఆపరేషన్ ఎప్పుడు? ఇంకా ఏదో అడగాలనుకున్నాను, అదే, మన

ఉండరా, నాన్న ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. "నేనేనమ్మా, మొన్న మాట్లాడానే, పోస్టల్..." అంటున్నాడు. మళ్లీ రాస్తా