ఎర్రమట్టి దిబ్బల్లో ముందు ఒక దారి వేయండి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకమాసం వస్తే ఆదివారాలు విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు మీద కార్లు, మినీ బస్సులు బారులు తీరుతాయి. వనభోజనాలకు బయల్దేరిన సంఘాలవాళ్లు, అపార్ట్‌మెంట్ల వాళ్లు, ఆఫీసుల వాళ్లు చాలామంది ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగుతారు. ఉసిరి చెట్టు కనబడకపోయినా ఫర్వాలేదు, జీడిమామిడి నీడ ఉంది, పక్కనే సముద్రం ఉంది. సోమవారం పొద్దున చూస్తే పేపరు ప్లేట్లు, వాటర్ బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు. తర్వాత ఏదో ఒక కుర్రాళ్ల బృందం గ్లవుజులు వేసుకుని వచ్చి అదంతా ఏరి సంచుల్లో నింపుతుంది. ఏటా ఇదే తంతు.

ఏరేవాళ్లంటే నాకు గౌరవమే. 2022 ఆగస్టు 26న మన తీరం వెంబడి 22 వేల మందికి పైగా జనం ఒక్క పొద్దునే 76 టన్నుల ప్లాస్టిక్ ఎత్తారని ప్రకటించినప్పుడు ఈ ఊరివాడిగా నేనూ సంతోషించాను. అయితే బీచ్ వేరు, దిబ్బలు వేరు. తడి ఇసుక మీద వందమంది నడిచినా రాత్రికి అల వచ్చి చెరిపేస్తుంది. దిబ్బల మీద పడిన జాడను చెరిపే అల లేదు. చెత్త ఏరడానికి వచ్చినవాళ్లు కూడా ఎక్కడపడితే అక్కడ ఎక్కి దిగుతుంటే మేలు కంటే నష్టమే ఎక్కువేమో అనిపిస్తుంది.

ఈ దిబ్బలు కొండలు కావు, లోపల రాయి లేదు. వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే చాలా వెనక్కి పోయినప్పుడు, బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. తూర్పు కనుమల నుంచి గెడ్డలు (వాగులు) తెచ్చిన మట్టి అందులో కలిసింది. ఇసుక రేణువుల చుట్టూ ఇనుము తుప్పు పొరలా పట్టి ఎరుపెక్కింది. ఆ పొర, కాస్త బంకమట్టి, పైన గడ్డి వేళ్లు, ఇవే దాన్ని పట్టి ఉంచుతున్నాయి. అంచున నిలబడి కాలితో తన్ని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది (దయచేసి తన్నకండి). ఇలాంటివి దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు.

జనం రోజూ ఒకే చోట ఎక్కితే ముందు గడ్డి చస్తుంది. గడ్డి పోయిన గీత వెంట వాన నీరు చేరుతుంది. రెండు మూడు వానలకు ఆ గీత కాలువవుతుంది, కాలువ గండి అవుతుంది, పైనున్న అంచు ఊడి కిందపడుతుంది. మన దగ్గర వాయుగుండం పడితే ఎలాంటి వాన కురుస్తుందో చెప్పనక్కర్లేదు.

"ఈ దిబ్బల్ని ఇలా చెక్కింది వాన నీళ్లే కదా, దానంతట అది కరిగేదే కదా" అని వాదించేవాళ్లున్నారు. నిజమే, ఆ లోయలూ మలుపులూ నీటి పనితనమే. కానీ నీరు వేల ఏళ్లలో చేసే పనిని మనం మన పిల్లల కాలంలోనే పూర్తిచేయాల్సిన అవసరం ఏముంది?

2024 జులైలో దిబ్బల దగ్గర యంత్రాలు పెట్టి తవ్వుతున్నారని వార్తలు వచ్చాయి. ఊరంతా గోల చేసింది, పనులు ఆగాయి. బుల్డోజరు కనబడితే కోపం వస్తుంది. చెప్పుల జాడ చూసి ఎవరికీ కోపం రాదు. ఈమధ్య ఒక ప్రీవెడ్డింగ్ షూట్ బృందం లైట్లు, స్టాండ్లతో అంచు పైకెక్కి ఉంటే పర్మిషన్ ఉందా అని అడిగాను. ఉందన్నారు. ఎవరిచ్చారంటే మేనేజర్ గారికి తెలుసట. అసలు ఎవరివ్వాలో నాకూ తెలియదు గనుక ఊరుకున్నాను. అక్కడ ఏది ఏ శాఖ చేతిలో ఉందో చెప్పే బోర్డు ఒక్కటైనా నా కంటపడలేదు.

పేరుకు మాత్రం లోటు లేదు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. కానీ పాత కోటలకూ గుళ్లకూ పురావస్తు చట్టం ఉన్నట్టు భూవారసత్వానికి చట్టం లేదు. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ ఒక ముసాయిదా బిల్లు పెట్టింది గానీ అది ముసాయిదాగానే మిగిలింది. యునెస్కో పేరు వినబడ్డాక వచ్చే జనం పెరుగుతారే తప్ప తగ్గరు.

జనాన్ని రానివ్వొద్దని నేను అనడం లేదు. నగరానికి ఇంత దగ్గరలో పిల్లలు మట్టిలో నడిచే చోటు ఇంకెన్ని ఉన్నాయి? కంచె వేసి తాళం పెడితే దొంగదారులు పుడతాయి, ప్రేమ పోతుంది. కావాల్సింది ఒక దారి. రోడ్డు నుంచి లోయ అడుగు వెంబడి వెళ్లి తిరిగి వచ్చేలా, రెండు వైపులా వెదురు గుంజలు పాతి తాడు కట్టిన దారి. పైనుంచి చూడాలనుకునే వాళ్లకు ఒకటో రెండో చోట్ల చెక్క వేదికలు. సిమెంటు మాత్రం వద్దు, అభివృద్ధి అనగానే టైల్సు, ఆర్చీలు, ఫౌంటెన్లు గుర్తొచ్చే అలవాటు మనకుంది కనుక ముందే చెబుతున్నాను. ఆ దారి ఎటు పోవాలో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగం వాళ్లను గీయమనండి. దిబ్బల కోసం ఏళ్ల తరబడి మాట్లాడినవాళ్లు అక్కడే ఉన్నారు.

వనభోజనాలకు దిబ్బలకు దూరంగా, మరుగుదొడ్లూ నీళ్లూ ఉన్న చదును స్థలం చూపించాలి. సరుగుడు తోటలకు ఆ చుట్టుపక్కల కొరత లేదు. పార్కింగు రుసుము పెట్టి, ఆ డబ్బుతో చుట్టుపక్కల ఊళ్ల యువతను గైడ్లుగా, కాపలాదారులుగా పెట్టుకోవాలి. ఇదేం కొత్త సంగతి కాదు. మారేడుమిల్లిలో గిరిజనుల వన సంరక్షణ సమితి పర్యాటకాన్ని నడిపి చూపించింది. మన తీరంలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను ఏరి, పిల్లలయ్యాక సముద్రంలోకి వదిలే పనిలో అటవీ శాఖకు మత్స్యకారులు చేయందిస్తున్నారు. తాబేలు గుడ్డును కాపాడగలిగిన వాళ్లు దిబ్బ అంచును కాపాడలేరా?

స్వచ్ఛంద బృందాలకు కూడా ఒక మాట. చెత్త ఏరేటప్పుడు చిన్న జట్లుగా, దారి వెంటే నడవండి. "హరిత దిబ్బలు" అంటూ మొక్కలు నాటడానికి గోతులు తీయకండి. దిబ్బ మీద గొయ్యి తీయడమంటే కట్టి ఉన్న మట్టిని మనమే వదులు చేయడం. పైగా అక్కడ పెరగాల్సిన గడ్డీ పొదలూ అడగకుండానే పెరుగుతాయి, తొక్కకపోతే చాలు. వానల తర్వాత తాళ్లు సరిచేయడం, కొత్తగా పడిన గండ్లను ఫొటోలు తీసి తేదీ వేసి ఉంచడం, కార్తీక ఆదివారాల్లో రోడ్డు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు దారి చూపించడం చేస్తే అంతకంటే పెద్ద సేవ ఉండదు.

జిల్లా కలెక్టరు గారు జీవీఎంసీ (నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏ (నగర ప్రాంత అభివృద్ధి సంస్థ), పర్యాటక, అటవీ శాఖల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి పని ఏమిటో తేల్చి, వచ్చే కార్తీకానికి ముందే ఆ తాడు కట్టించాలని కోరుతున్నాను. మీకూ ఒక మనవి. కార్తీకంలో మీ జిల్లా పేజీలో సంఘాల వనభోజనాల ప్రకటనలు వేస్తుంటారు. వేదిక ఎర్రమట్టి దిబ్బలు అని రాసి పంపినవాళ్లకు ఒక ఫోను చేసి, వేరే చోటు చూసుకోమని చెప్పగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు,
మధురవాడ, విశాఖపట్నం